నేత పాట ఆఖరి వాక్యం

లండన్ అంచున స్టాన్‌మోర్ చుట్టుపక్కల నేను చూసుకున్న ముసలివాళ్ళలో చాలామంది నాతో వాన గురించి, మోకాళ్ళ గురించి, జీపీ డాక్టరు అపాయింట్‌మెంటు దొరకకపోవడం గురించి మాట్లాడేవాళ్ళు. ఒక్కావిడ మాత్రం నాలుగు వేల ఏళ్ళ కిందట బతికిన ఒక నేతపని మనిషి గురించి మాట్లాడేది. అదీ పాతకాలపు కథ చెప్పినట్టు కాదు, పక్క ఫ్లాట్‌లో ఉండే మనిషికి అన్యాయం జరుగుతుంటే ఊరుకోలేక మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఆమెను నేను మేడమ్ అనేదాన్ని. ఏజెన్సీలో అందర్నీ పేరు పెట్టి పిలవమని చెప్పేవాళ్ళు గానీ, ఎనభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు ఆ పిలుపు నచ్చేది కాదు. "నేనేమన్నా టోపీల కొట్టు నడుపుతున్నానా?" అనేది. పూర్వం ఇక్కడ కొట్టు యజమానురాళ్ళని అలా పిలిచేవాళ్ళట. కొన్నాళ్ళు నేను మేడమ్ అనడం, ఆమె మొహం చిట్లించడం, ఆ తర్వాత ఇద్దరికీ ఓపిక అయిపోయి అదే ఖాయమైపోయింది. ఆమె మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే. నాకు మాత్రం ఆ మాటలు తెలుగులోనే గుర్తున్నాయి కాబట్టి అలాగే రాస్తున్నాను.

నేను నర్సింగ్ చదివింది గుంటూరులో. ఇక్కడికి వచ్చాక నర్సుగా రిజిస్టర్ కావడానికి రాయాల్సిన పరీక్షలు రాసే తీరికా లేదు, చదివితే ఎక్కే బుర్రా మిగల్లేదు. ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే కేరర్‌గా చేరాను. పొద్దున్నే రోటా ఫోన్‌కి వచ్చేది. ఎవరికి స్నానం, ఎవరికి టిఫిను, ఎవరికి మందులు, ఎక్కడ బస్సు మారాలి అన్నది అందులో చూసుకోవాలి. మా ఆయన పెట్రోలు బంకులో పనిచేసేవాడు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు నేను బస్సులో, నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆయన బంకులో. మా కాపురం ఎక్కువగా ఫ్రిజ్ మీద అతికించిన చీటీల్లోనే నడిచింది.

అమ్మాయిని మా అమ్మ దగ్గర వదిలి వచ్చాం. అప్పుడు దానికి నాలుగేళ్ళు. ఒక ఏడాదిలో తెచ్చుకుంటాం అనుకున్నాం, తెచ్చుకోలేకపోయాం. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఫోన్ చేసేదాన్ని.

"పిల్లని పిలువమ్మా."

"ఆడుకుంటందే. పిలిస్తే రావట్లా," అనేది మా అమ్మ. "నేనేం జెయ్యను? నువ్వు మళ్ళీ జెయ్యి."

మళ్ళీ చేసేసరికి అక్కడ పిల్ల నిద్రపోయేది. ఆ రోజుల్లో నేను బాగానే ఉన్నానని అందరితో చెప్పేదాన్ని, ఎందుకంటే ఇక్కడ ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు ఆగి జవాబు వినరు. ఆ సంగతి మొదటి నెలలోనే అర్థమైంది.

మేడమ్ ఫ్లాటు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది. ముందు గదిలో సోఫా లేదు, టీవీ లేదు. గది నిండా ఒక పెద్ద బల్ల, దాని మీద వంచితే వంగే దీపం, చుట్టూ పుస్తకాల బీరువాలు. ఆమెకు కంటి మధ్యలో చూపు పోయింది. అంచుల్లోనే కనపడేది. అందువల్ల నా మొహం చూడాలంటే నా చెవి వైపు చూసేది. మొదట్లో నా వెనకాల ఎవరో ఉన్నారనుకుని తిరిగి తిరిగి చూసుకునేదాన్ని.

ఆమె కథ నాకు ఒక వరసలో తెలియలేదు. వీపు రుద్దుతుంటే కొంత, పారిడ్జ్ కలుపుతుంటే కొంత చెప్పింది. ఇంగ్లండు ఉత్తరాన ఒక మిల్లు ఊళ్ళో పుట్టింది. తల్లి మగ్గాల దగ్గర పనిచేసేది. ఆ రొద ఎంత ఉండేదంటే తల్లి ఇంట్లో కూడా అరిచే మాట్లాడేదట, మిల్లు మోతకి అలవాటు పడిపోయి. ఈవిడ స్కాలర్‌షిప్ మీద చదువుకుని, టైపు నేర్చుకుని, ఇరాక్‌లో పురావస్తు తవ్వకాలకి వెళ్ళిన పెద్దమనుషుల దగ్గర టైపిస్టుగా చేరింది. అక్కడ గుడారంలో కూర్చుని, తవ్వి తీసిన మట్టి పలకల మీద గుర్తులు చూసి బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. సుమేరియన్ అని ఒక భాష. తడి మట్టి మీద రెల్లు పుల్లతో నొక్కి రాసేవాళ్ళు. దానికి ముందూ వెనకా చుట్టాలు లేరు. లోకంలో ఏ భాషకీ అది అక్కా కాదు, చెల్లెలూ కాదు. ఎవరూ ఆమెకు నేర్పలేదు. వాళ్ళు రాత్రి భోజనాల దగ్గర వాదించుకునేవి విని, పగలు పలకల మీద సరిచూసుకుని నేర్చుకుంది.

"ఆ భాష చదవగలిగినవాళ్ళంతా కలిపి అప్పట్లో ఒక చిన్న బస్సుకి సరిపోయేవాళ్ళు," అంది ఒకసారి. "అందులో నాకు సీటు ఇవ్వలేదు. నిలబడే ప్రయాణం చేశాను."

ఆమె గీసిన బొమ్మలు వాళ్ళ పేర్ల మీద అచ్చయ్యాయి. ఆమె అవి పట్టించుకోనట్టే చెప్పేది గానీ, ఏ బొమ్మ ఎవరి పుస్తకంలో ఉందో అన్నీ గుర్తే. తర్వాత తనే ఒక సంగతి తేల్చింది. మగ పండితులు మంత్రాలనీ పిచ్చిమాటలనీ పక్కన పడేసిన కొన్ని పలకలు నిజానికి పని చేసుకుంటూ ఆడవాళ్ళు పాడుకున్న పాటలని చూపించింది. నూలు వడికేటప్పుడు, పిండి విసిరేటప్పుడు పాడినవి. దాంతో ఆమెను బస్సులో కూర్చోనివ్వక తప్పలేదు. ప్రొఫెసర్ అన్న హోదా మాత్రం రిటైరయ్యే ముందు వచ్చింది.

ఈ సంగతి చర్చిలో చెబితే మా అంకుల్ ఒకాయన వెంటనే అందుకున్నాడు. "సుమేరు భాషంటే మన తెలుగేనమ్మా. యూట్యూబ్‌లో అంతా చెప్తన్నారు. ఆవిడకి చెప్పు." నేను నిజంగానే వెళ్ళి చెప్పాను. మేడమ్ చాలాసేపు నా చెవి వైపు చూసింది. "ప్రతి దేశంలోనూ అలాంటి అంకుల్ ఒకాయన ఉంటాడు. వాళ్ళందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టాలని నా కోరిక," అంది. అంకుల్‌కి ఆ జవాబు నేను మోసుకెళ్ళలేదు.

వంటింట్లో సింకు మీద ఒక కార్డు అంటించి ఉండేది. చావు జరిగిన ఇళ్ళకి ఇక్కడ పంపుతారే, అలాంటి సానుభూతి కార్డు. దాని మీద ఒక పాట అచ్చు వేశారు. కప్పు కడుగుతూ ఒకరోజు చదివాను.

పొద్దు దిగిపోయింది, మగ్గం దగ్గర దీపం లేదు.
నూలు ఇంక చాలనలేదు, నా చేతులు చాలన్నాయి.
తలుపు దగ్గర అడుగుల చప్పుడు.
నా బిడ్డ తిరిగి వచ్చింది.

కింద రాసినవాళ్ళ పేరు లేదు, ప్రాచీన సుమేరు గీతం అని మాత్రం ఉంది. నేను కుళాయి కట్టకుండా అక్కడే నిలబడి ఏడ్చాను. ఏడుపు వినపడకూడదనే కుళాయి కట్టలేదు. అయినా ముందు గదిలోంచి, "ఆఖరి వాక్యం దగ్గరే కదూ? అందరూ అక్కడే ఏడుస్తారు," అని వినపడింది. వెళ్ళి నిలబడితే ఆమె ఇంకో మాట అంది. "ఆ వాక్యం వాళ్ళది కాదు, నాది."

ఆమె చెప్పింది ఇది. పలక ఆ మూల విరిగిపోయింది. మూడు వాక్యాలు ఉన్నాయి, నాలుగోది లేదు. వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉంది. విరిగిన చోట ఏముండి ఉంటుందో ఊహించి రాయొచ్చు గానీ, ఆ ఊహను బ్రాకెట్లలో పెట్టాలి. లోపలిది మట్టి చెప్పింది కాదు, నేను చెప్పింది అని దానర్థం. ఆమె తన పుస్తకంలో బ్రాకెట్లు పెట్టింది. తర్వాత ఆ పాటను వేరే సంకలనాల వాళ్ళు తీసుకున్నారు, కార్డుల వాళ్ళు తీసుకున్నారు. చదవడానికి అడ్డంగా ఉన్నాయని బ్రాకెట్లు తీసేశారు. పాట ఆమెకు పేరు తెచ్చింది. బ్రాకెట్ల సంగతి ఆమె ఎవరికీ గుర్తు చేయలేదు.

నాకు ఆ బ్రాకెట్లతో పని లేదు. వారానికి నాలుగు రోజులు ఆ సింకు దగ్గర ఆ వాక్యం చదువుకునేదాన్ని. చర్చిలో ప్రార్థన చేసినప్పుడు కూడా అంత నమ్మకంగా ఉండేది కాదు.

మరుసటి సంవత్సరం మా అమ్మాయి వచ్చింది. ఎవరో బంధువుల వెంట హీత్రూలో దిగింది. ఏడేళ్ళ పిల్ల, రెండు జడలు, కొత్త స్వెటర్. నేను పరిగెత్తి వెళ్ళి కూర్చుని చేతులు చాపితే అది ఆ బంధువులావిడ కొంగు పట్టుకుని, "నమస్తే ఆంటీ," అంది. పెద్దవాళ్ళు కనపడితే అలా అనమని మా అమ్మ నేర్పింది. తప్పు దానిది కాదు. మా ఆయన నవ్వేశాడు. నేనూ నవ్వాను గానీ ఆ మాట చేసిన గాయం నాకు చాలా ఏళ్ళు మానలేదు. ఏడాది తిరిగేసరికి అది నన్ను మమ్ అనడం నేర్చుకుంది. నేను తెలుగులో అడిగితే అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబు చెప్పేది.

ఆ తర్వాతి చలికాలంలో గ్లాస్గో నుంచి ఒకావిడ వచ్చింది. నడివయసు మనిషి. మేడమ్ దగ్గర చదువుకున్నవాళ్ళ దగ్గర చదువుకుంది. పెద్ద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కోటు విప్పకుండా కూర్చుంది. నేను టీ పెడుతుంటే ఆమె గొంతు మెల్లగా వినపడింది. వేరే మ్యూజియంలో, పెట్టెల అడుగున, అగ్గిపెట్టె అంత మట్టి ముక్క ఒకటి దొరికింది. నేత పాట పలక విరిగిన మూల అదే. రెండూ ఫొటోల్లో పక్కపక్కన పెడితే అంచులు కలిసిపోయాయి. నాలుగో వాక్యం దాని మీద ఉంది.

"ఏముంది?" అంది మేడమ్.

గ్లాస్గో ఆవిడ చెప్పింది. నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

తలుపు దగ్గర అడుగుల చప్పుడు.
రేపటి ఉన్ని తెచ్చారు.

బిడ్డ లేదు. ఆ పాటలో బిడ్డ ఎప్పుడూ లేదు.

"ఇంకెవరికి తెలుసు?" అని మేడమ్ అడిగింది.

"నాకు తప్ప ఎవరికీ తెలియదు. తొందరేం లేదు. ఆ పాట అంటే జనానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. నేను ఆగగలను."

ఎప్పటిదాకా ఆగుతుందో ఆవిడ అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు. మేడమ్ మొహం ఎర్రబడింది. "నేను పోయేదాకానా? నేను పోయాక మీరు మర్యాదగా దిద్దుతారు, నేను తప్పుతోనే పోతాను. వద్దు. అది నేనే దిద్దాలి, నా పేరుతో దిద్దాలి. కానీ ఫొటో చూసి కాదు. నేను గీయని గుర్తుని నేను చదవను, ఎప్పుడూ చదవలేదు."

మ్యూజియం వాళ్ళు అసలు ముక్కని బయటికి పంపరు. రెండు వారాలకు గ్లాస్గో నుంచి దాని నకలు పోస్టులో వచ్చింది. మెషిన్ మీద అచ్చం అలాగే తీసిన ప్లాస్టిక్ ముక్క. మేడమ్ వేళ్ళతో తడిమింది. షుగర్ వల్ల వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. పెదవికి ఆనించి చూసుకుంది. ఆఖరికి నా వైపు, అంటే నా చెవి వైపు తిరిగి, "నీ కళ్ళు కావాలి," అంది.

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే బాగానే వచ్చింది. ఆ ఏడాదే, ఖర్చు భరించే కౌన్సిల్ వాళ్ళు ఆమె మధ్యాహ్నం విజిట్‌ని సగానికి తగ్గించారు. ఆ సగంలో సూప్ వేడి చేయాలి, మందులు వేయాలి, బాత్రూముకి తీసుకెళ్ళాలి. అయినా ఒప్పుకున్నాను, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. షిఫ్టు అయిపోయాక, అమ్మాయి స్కూలు వదిలే ముందు ఉండే కాస్త ఖాళీలో అక్కడ బస్సు దిగేదాన్ని. ఇంట్లో చెబితే మా ఆయన, "నీకు పనేం తక్కువైందని? కాళ్ళు నొప్పులని ఏడుస్తా ఉంటావు, మళ్ళా అక్కడికి పోతావు," అన్నాడు. అందులో అబద్ధమేం లేదు.

పని ఇలా జరిగేది. దీపం ఎడమవైపు పైనుంచి, బాగా కిందికి వాల్చి పట్టుకోవాలి. అప్పుడే నొక్కిన గుర్తుల్లో నీడ నిలబడుతుంది. నేరుగా వేస్తే పలక బోసిగా కనపడుతుంది. వంచే దీపం స్ప్రింగు పోయి జారిపోయేది, అందుకని చేత్తోనే పట్టుకునేదాన్ని. మరో చేత్తో భూతద్దం. ఆమె ఒక్కొక్కటే అడిగేది.

"నిలువా, అడ్డమా?"

"అడ్డం మేడమ్."

"తల ఎటుంది?"

"ఎడమవైపు. దాని కింద ఇంకోటి, ఏటవాలుగా."

"ముట్టుకుంటున్నాయా, మధ్యలో ఖాళీ ఉందా?"

అలా ఒక్క గుర్తుకే నా టైమంతా అయిపోయేది. ఆమె నేను చెప్పింది విని, పెద్ద కాగితం మీద లావు మార్కరుతో, తల పక్కకి తిప్పి గీసేది. గీసినదాన్ని ముక్క పక్కన పెట్టి నన్ను పోల్చమనేది. ఆ గుర్తుకి అర్థమేంటో మాత్రం నాకు ముందే చెప్పేది కాదు. చెప్పమని ఒకసారి విసుక్కున్నాను. "చెబితే నీకు అదే కనపడుతుంది," అంది. "నాకు జరిగింది అదే." భుజం లాగేస్తుంటే దీపం పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయేది. నీడలు కదిలిపోతున్నాయని ఆమె కసురుకునేది. నేనూ తిరిగి అనేదాన్ని. ఇద్దరం పొద్దుటి నుంచీ అలిసిపోయినవాళ్ళమే. ఆమె ముసలితనంతో అలిసిపోయింది, నేను రోటాతో.

శీతాకాలం గడిచేసరికి ఆమె బాగా తగ్గిపోయింది. ఒకసారి ఛాతీలో నిమ్ము చేరి ఆసుపత్రికి వెళ్ళి వచ్చింది. వచ్చాక కళ్ళ అంచుల్లో మిగిలిన చూపు కూడా మసకేసింది. స్టీవెనేజ్‌లో ఉండే మేనల్లుడు ఆమెను చేర్చడానికి ముసలివాళ్ళుండే కేర్ హోమ్‌లు చూడటం మొదలుపెట్టాడు. మంచివాడే, ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ప్రతి శనివారం వచ్చి బల్బులు మార్చి వెళ్ళేవాడు. కేర్ హోమ్‌లో ఈ బల్ల పట్టదని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇంకా మూడో వంతు గుర్తులు మిగిలి ఉన్నాయి.

ఒకరోజు దీపం కింద పెట్టేసి అడిగేశాను. "మేడమ్, వదిలేయండి. ఆ వాక్యం చదివి ఎంతమంది ఊరట పొందారో మీకు తెలియదు. నేనే పొందాను. అలా ఉండనిస్తే ఎవరికి నష్టం?"

"ఆమెకి," అంది.

"ఎవరికి?"

"పాడిన మనిషికి." మార్కరు మూత పెట్టడానికి వెతుక్కుంది, దొరకలేదు. "ఆమె చేతులు చాలన్నాయని చెప్పింది. చీకటి పడింది, దీపం కూడా లేదు, అయినా రేపటి పని ఇప్పుడే గుమ్మంలోకి వచ్చిపడిందని చెప్పింది. చెప్పింది అంతే. నేను వచ్చి ఆమె నోట్లో ఒక బిడ్డని పెట్టాను. అప్పటినుంచీ అందరూ చదివి, పోనీలే పాపం, బిడ్డ వచ్చిందిగా అనుకున్నారు. ఆమె అలిసిపోయిందన్న సంగతి ఒక్కరూ వినలేదు. నేను వినకుండా చేశాను."

మూత నేనే వెతికి చేతికిచ్చాను. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పాట మీద పనిచేసిన ఏడాది తల్లి చనిపోయిందట. కబురు అందేసరికి తవ్వకాల మధ్యలో ఉంది. వెళ్ళాలంటే వెళ్ళగలిగేదే. వెళ్ళలేదు. తను లేకపోతే పలకలు వానకి తడిసిపోతాయని తనకి తాను చెప్పుకుంది. ఆ తర్వాత విరిగిన చోట ఏమి రాయాలా అని కూర్చుంటే చెయ్యి తనంతట తానే బిడ్డ తిరిగి వచ్చిందని రాసింది. "పండితురాలిగా రాయలేదు అది," అంది. "కూతురుగా రాశాను. కూతుళ్ళు ఏమైనా రాసుకోవచ్చు. కానీ మిల్లులో పనిచేసిన మా అమ్మ ఆ వాక్యం చూస్తే నవ్వేది. సాయంత్రం గుమ్మంలో చప్పుడైతే అది నేను కాదని ఆమెకి తెలుసు."

నేను దీపం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. అమ్మాయి వచ్చేసింది కదా, ఇంకేం నీకు అని చర్చిలో అందరూ అనే మాట గుర్తొచ్చి మండింది.

బొమ్మ పూర్తయిన రోజు ఆమె పెద్దగా సంబరపడలేదు. గ్లాస్గో ఆవిడ చదివిందే సరి అని తేలింది. మేడమ్ చెబుతుంటే నేను కంప్యూటర్‌లో టైపు చేశాను. నా ఇంగ్లీషు స్పెల్లింగుల మీద ఒకటి రెండు చురకలు పడ్డాయి. మొత్తం కలిపి అర పేజీ కూడా లేదు. ఆ చోట నేను పూర్వం ఊహించి రాసినది తప్పు, నా ఊహకు పలకలో ఆధారం లేదు, ఇకమీదట ఇలా చదవండి అని ఉంది. కింద ముక్కని కనిపెట్టినావిడ పేరు, ఆ పైన తన పేరు. అది పండితుల పత్రికలో అచ్చయ్యేసరికి ఆమె కేర్ హోమ్‌లో ఉంది. చదివి వినిపించాను. "అంతేనా?" అంది. అంతేనని చెప్పాను. "మంచిది. అంత చిన్న తప్పే అన్నమాట," అని కళ్ళు మూసుకుంది. అది వేళాకోళమో నిజమో నాకు తెలియలేదు.

ఆ ఎండాకాలం చివర్లో ఆమె పోయింది.

మేనల్లుడు ఫోన్ చేసి అంత్యక్రియల్లో పాట నన్ను చదవమన్నాడు. ఆఖరి రోజుల్లో ఆమె దగ్గర ఎక్కువ ఉన్నది మీరే కదా అన్నాడు. స్కూలు సెలవులు, అమ్మాయిని చూసేవాళ్ళు లేరు. దాన్ని కూడా నల్ల కోటు వేసి తీసుకెళ్ళాను. క్రెమటోరియం గుమ్మంలో అందరికీ మడత కాగితం ఇస్తున్నారు. తెరిచి చూస్తే పాట ఉంది. నాలుగో వాక్యం పాతదే ఉంది. బిడ్డ తిరిగి వచ్చింది.

మేనల్లుడి దగ్గరికి వెళ్ళాను. "ఇది ఆమె దిద్దుకున్నారు కదండీ."

"తెలుసు," అన్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది, రాత్రి నిద్రపోయినట్టు లేడు. "అత్త నాకూ చెప్పింది. కానీ వచ్చినవాళ్ళకి తెలిసింది ఈ పాటే. ఇవాళ్టికి ఇలా పోనివ్వండి. ఆమెని ఉన్నితో సాగనంపలేను నేను."

నేను తల ఊపాను. ఆ మనిషితో ఆ గుమ్మంలో వాదించే శక్తి నాకు లేదు. లోపల బెంచీలు సగం కూడా నిండలేదు. గ్లాస్గో ఆవిడ వెనక వరసలో ఉంది. మా అమ్మాయి ముందు వరసలో కాగితం ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. నన్ను పిలిచారు. లేచి వెళ్ళి కాగితం తెరిచాను. మొదటి వాక్యం చదివాను, రెండోది చదివాను. నా యాస నాకే వినపడుతోంది. తలుపు దగ్గర అడుగుల చప్పుడు అని చదివి ఆగాను. అచ్చులో ఉన్నది నా కళ్ళ ముందే ఉంది. చదివేస్తే అయిపోతుంది, అందరూ చెమ్మగిల్లిన కళ్ళతో బయటికి వెళ్తారు. నా ఎదురుగా నా బిడ్డ కూర్చుని ఉంది, తిరిగి వచ్చిన బిడ్డ. ఆ వాక్యం మీద నాకున్నంత ఆశ ఆ గదిలో ఎవరికీ ఉండి ఉండదు.

"రేపటి ఉన్ని తెచ్చారు," అని చదివాను.

కాగితాలు గలగలమన్నాయి. ఎవరో కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసుకున్నారు. మేనల్లుడు కాసేపు నేల చూశాడు, తర్వాత మెల్లగా తల ఊపాడు. నేను వచ్చి కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు పై అంతస్తులో ముందు సీట్లు దొరికాయి. అమ్మాయి ఆ కాగితం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

"యూ రెడ్ ఇట్ రాంగ్, మమ్," అంది.

"లేదమ్మా. కాగితంలోనే తప్పు పడింది."

"బట్ దిస్ వన్ ఈజ్ నైసర్."

"నాకూ అదే ఇష్టం."

"దెన్ వై?"

ఎలా చెప్పాలో తెలియలేదు. తెలుగులో చెబితే సగం అర్థమవుతుంది, ఇంగ్లీషులో చెబితే నాకే సగం వస్తుంది. "ఆ పాట పాడినావిడ పొద్దస్తమానం పని చేసి చేసి ఉంది. సాయంత్రం తలుపు చప్పుడైంది. ఆవిడ కోసం ఎవరూ రాలా. మళ్ళా పనే వచ్చింది. ఆవిడ చెప్పింది అదే. ఎవరూ వినిపించుకోలా," అన్నాను.

అది చాలాసేపు కిటికీలోంచి చూసింది. రెండు స్టాపులు దాటాయి. నా ఫోన్ మోగింది, మర్నాటి రోటా వచ్చింది. తీసి చూసి సంచిలో పెట్టుకున్నాను. అప్పుడు అది తల తిప్పి, నా మొహం వైపు సూటిగా చూసి అడిగింది.

"ఆర్ యూ టైర్డ్, మమ్?"

అడిగి, జవాబు కోసం ఆగింది.

"అవునమ్మా," అన్నాను. "చాలా."